పాత లాప్‌టాప్‌లో విండోస్ 10 బదులు లినక్స్ మింట్ వేసుకోవడం ఎలా?

“అన్నా, నా లాప్‌టాప్‌కు విండోస్ 11 రాదంటున్నది, కొత్తది కొనాల్నా?” హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, ఎక్కడివాళ్లు కలిసినా ఇదే అడుగుతున్నారు, ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం మర్చిపోతారు కాబట్టి మొత్తం ఒక్కచోట రాసి పెడుతున్నా.

విషయం ఇది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ ఉండాలి, అందుకే 2017కు ముందు కొన్న లాప్‌టాప్‌లు దాదాపు అన్నీ బయటే ఉండిపోయాయి. వాటి కీబోర్డు బాగుంది, స్క్రీన్ బాగుంది, పిల్లల చదువుకు బ్రహ్మాండంగా సరిపోతాయి. అప్పు చేసి కొత్తది కొనకండి. విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఇంకో సిస్టమ్ లినక్స్ మింట్, లినక్స్‌లో ఒక రకం. అది ఉచితం, లైసెన్స్ గొడవ లేదు, 22 సిరీస్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, కింద టాస్క్‌బార్, మూలకు మెనూ ఉంటాయి కాబట్టి విండోస్ అలవాటైన చెయ్యి తడబడదు. విండోస్ 10 వాడే మామూలు వినియోగదారులు మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వచ్చే పథకం కూడా ఒకటి ఉంది. ఇప్పుడే మార్చడం కుదరనివాళ్లు ఈలోపు అది పెట్టుకుని, నెమ్మదిగా ఈ పని నేర్చుకోవచ్చు.

ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. కష్టమంతా దానికి ముందే ఉంటుంది, అక్కడ తొందరపడ్డవాళ్లే తర్వాత పరేషాన్ అవుతారు. కాబట్టి మొదటి సగాన్ని జాగ్రత్తగా చదవండి.

ముందు తేల్చుకోండి: మీ పని లినక్స్‌లో అవుతుందా?

ఒక కాగితం తీసుకుని, వారం రోజుల్లో కంప్యూటర్ మీద ఏమేం చేస్తారో రాయండి. బ్రౌజర్‌లో అయ్యే పనులన్నీ అవుతాయి: యూట్యూబ్, మెయిల్, వాట్సాప్ వెబ్, భూభారతి, టీజీపీఎస్సీ దరఖాస్తులు, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు, ఆన్‌లైన్ క్లాసులు. బీటెక్ పిల్లలకు సీ, జావా, పైథాన్ అయితే విండోస్ కంటే ఇక్కడే హాయి.

కానివి కూడా ఉన్నాయి, దాచి చెప్పడం నాకిష్టం లేదు. లగ్గం పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ వాళ్లు అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్‌డ్రా మీద బతుకుతున్నారు, ఆ యంత్రాన్ని మార్చొద్దు. ట్యాలీ నేరుగా నడవదు. ఆటోక్యాడ్ రాదు. వేలిముద్ర పరికరాలతో పనిచేసే సెంటర్ అయితే ఆ డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌కే ఉంటాయి, ఆగండి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు, మీ టోకెన్ కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. క్యాంపస్ పరీక్షలు రాసే విద్యార్థులకు ఒక మాట: సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి లినక్స్‌లో లేవు, పరీక్షల కాలం దాటేదాకా విండోస్ తీసెయ్యకండి. “వైన్ వేసుకుంటే అన్నీ నడుస్తాయట కదా” అంటారు, అంటే విండోస్ సాఫ్ట్‌వేర్లను లినక్స్‌లో నడిపించే సాధనం. కొన్ని నడుస్తాయి, కొన్ని మధ్యలో సతాయిస్తాయి. రోజూ అన్నం పెట్టే సాఫ్ట్‌వేర్‌ను దాని మీద ఆధారపడి వదిలెయ్యకూడదు.

ప్రింటర్ సంగతి ప్రత్యేకంగా చూసుకోండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు పెట్టగానే పనిచేస్తాయి. మన జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో బాగా ఇబ్బంది పెట్టే రకం. అది తప్ప వేరే ప్రింటర్ లేకపోతే, విండోస్‌ను కూడా పక్కన ఉంచుకోవడమే మంచిది.

కావలసినవి

- కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్. అందులో ఉన్నవన్నీ పోతాయి, కాబట్టి ఖాళీది. రోడ్డు పక్కన చవకగా దొరికే 1 టీబీ పెన్‌డ్రైవ్‌లు నకిలీవి, వాటి జోలికి పోవద్దు.
- బ్యాకప్‌కు వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్ లేదా ఇంకో పెన్‌డ్రైవ్. పైదానితోనే సర్దుకోలేరు.
- సుమారు 3 జీబీ డౌన్‌లోడ్. రోజుకు 2 జీబీ ఫోన్ ప్యాక్‌తో మధ్యలో ఆగిపోతుంది, బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి వెళ్లండి, లేదంటే టోరెంట్ లింక్ తీసుకుంటే ఆగిన దగ్గర్నుంచి మళ్లీ మొదలవుతుంది.
- 4 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. 2 జీబీలో కూడా ఎక్కుతుంది గానీ బ్రౌజర్ తెరిస్తే ఆయాసపడుతుంది.
- ఛార్జర్. బ్యాటరీ చచ్చిపోయిన లాప్‌టాప్ గానీ యూపీఎస్ లేని డెస్క్‌టాప్ గానీ అయితే, ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచే వేళ ఈ పని పెట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే అటు విండోస్ ఉండదు, ఇటు మింట్ ఉండదు.

చేతిలో కొంచెం డబ్బుంటే పాత హార్డ్‌డిస్క్ తీయించి 240 లేదా 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయించండి. వేగంలో తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇంకా పెద్ద లాభం ఏంటంటే, మీ విండోస్, మీ ఫైళ్లు ఉన్న పాత డిస్క్ అలాగే చెక్కుచెదరకుండా బీరువాలో ఉంటుంది. భయం ఎక్కువ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే దారి.

అడుగు 1: బ్యాకప్ తీయండి, తీసినది తెరిచి చూడండి

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, డీ డ్రైవ్‌లో ఉన్నవి అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. మరి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు? వాటిని ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయండి, కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాక ఆ ఫైలును తప్పకుండా తీసెయ్యండి, అందులో పాస్‌వర్డులన్నీ అక్షరాలా కనిపిస్తాయి.

కాపీ అయిపోయింది కదా అని వదలొద్దు. ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, నాలుగు ఫొటోలు, రెండు వర్డ్ ఫైళ్లు, ఒక వీడియో తెరవండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు లెక్క.

అను ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లు ఉంటే ఇప్పుడే, విండోస్‌లో ఉండగానే, వాటిని పీడీఎఫ్ చేసుకోండి, తర్వాత దిద్దాల్సినవైతే యూనికోడ్‌లోకి మార్చుకోండి. అవి యూనికోడ్ కావు కాబట్టి ఆ ఫాంట్ లేని చోట తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. స్కూలు ప్రశ్నాపత్రాలు ఏళ్ల తరబడి దాచుకున్న టీచర్లు దీన్ని అస్సలు దాటెయ్యకండి.

అడుగు 2: విండోస్‌లో మూడు సంగతులు చూడండి

మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు తాళం వేసి ఉంచే విండోస్ ఏర్పాటు. కొన్ని లాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని గానీ, కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అని గానీ చూసి, ఆన్‌లో ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత ఆఫ్ చేయండి. ఆఫ్ అవడానికి గంటలు పట్టొచ్చు, తొందరపెట్టొద్దు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్, అంటే విండోస్ పూర్తిగా ఆఫ్ కాకుండా ఉండి త్వరగా లేచే ఏర్పాటు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట ఉంటుంది, టిక్ తీసెయ్యండి. విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు ఇది చేయకపోతే, మింట్‌లోంచి విండోస్ డ్రైవ్ తెరుచుకుంటుంది గానీ అందులో ఏమీ సేవ్ కాదు. తర్వాత గంటలు గంటలు వెతుకుతారు ఎందుకో తెలియక.

మూడోది, రెండు సిస్టమ్‌లూ ఉంచుకోవాలనుకుంటే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను ష్రింక్ చేసి, అంటే కుదించి, 60 నుంచి 100 జీబీ ఖాళీ వదలండి. ఖాళీగానే వదలండి, దాన్ని ఫార్మాట్ చేసి కొత్త డ్రైవ్ చేయకండి.

అడుగు 3: మింట్ డౌన్‌లోడ్ చేసి సరిచూడండి

మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. మూడు రకాలుంటాయి. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్, 4 జీబీ అంతకు తక్కువైతే ఎక్స్ఎఫ్‌సీఈ. మాటే అనేది మధ్యలోది. ఏది వేసినా లోపల సరుకు ఒక్కటే, పైన రూపమే వేరు, ఎంపిక దగ్గర ఎక్కువ ఆలోచించకండి.

డౌన్‌లోడ్ పేజీలోనే ఎస్‌హెచ్‌ఏ 256 అనే పొడవాటి అక్షరాల వరుస ఇస్తారు. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని ఉంటే, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ 256 లెక్కించమంటే అలాంటి వరుసే వస్తుంది. రెండూ అచ్చంగా ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా డౌన్‌లోడ్ చెడిపోయినట్టే, మళ్లీ తీసుకోండి. దీన్ని దాటేసి, సగం ఇన్‌స్టాల్ అయ్యాక ఎర్రర్ వచ్చి కూర్చున్నవాళ్లు చాలామంది.

అడుగు 4: పెన్‌డ్రైవ్ మీద రాయండి

కాపీ పేస్ట్ చేయకండి! డౌన్‌లోడ్ చేసిన మింట్ ఫైలును, అంటే ఐఎస్‌వో ఫైలును, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి “బూట్ అవుతలేదు” అనడం అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు. రూఫస్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చుకోండి, పైన మీ పెన్‌డ్రైవ్, దాని కింద ఐఎస్‌వో ఫైలు ఎంచుకోండి, మిగతావి ఉన్నవి ఉన్నట్టే వదిలి స్టార్ట్ నొక్కండి, మధ్యలో ఏ పద్ధతి అని అడిగితే ఐఎస్‌వో పద్ధతే చాలు. బ్యాకప్ డిస్క్ కూడా కంప్యూటర్‌కు తగిలించి ఉందేమో ఒకసారి చూసి ముందే పీకెయ్యండి, పొరపాటున అదే ఎంచుకుంటే ఇప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది.

రూఫస్ నచ్చకపోతే ఎచర్ ఉంది, ఇంకా తేలిక. ఒకే పెన్‌డ్రైవ్‌లో రెండు మూడు రకాల లినక్స్‌లు పెట్టుకుని చూడాలనుకునేవాళ్లకు వెంటాయ్ మంచిది.

అడుగు 5: పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా వాడి చూడండి

కంప్యూటర్ ఆన్ చేస్తూనే, దేన్నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ బటన్ టకటకా నొక్కాలి. డెల్, ఏసర్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 లేదా ముందు ఎస్కేప్, అసుస్ లాప్‌టాప్‌లలో ఎస్కేప్. కొన్ని లెనోవోలకు పక్కన సూది పట్టేంత చిన్న బెజ్జం ఉంటుంది, ఆఫ్‌లో ఉండగా అందులో పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే ఎఫ్2తో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే కంప్యూటర్ సొంత సెట్టింగ్స్) వెళ్లి ఆ మెనూను ముందు ఆన్ చేయాలి. ఏదీ కుదరకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, వచ్చే నీలం తెరలో యూఎస్‌బీ నుంచి మొదలుపెట్టే దారి చాలా వాటిలో ఉంటుంది. తెర నల్లగా ఆగిపోతే, మొదటి మెనూలోనే కంపాటిబిలిటీ మోడ్ అని ఉంటుంది, అది ఎంచుకోండి.

ఇప్పుడు మింట్ పెన్‌డ్రైవ్ మీదే నడుస్తుంది, మీ విండోస్‌ను ముట్టుకోదు. ఇదే ఈ పనిలో అన్నిటికంటే విలువైన భాగం, దీనికి ఒక పూట కేటాయించండి. వైఫై కలుస్తుందా? స్పీకర్‌లో, ఇయర్‌ఫోన్‌లో శబ్దం వస్తుందా? కెమెరా, మైకు? వెలుతురు తగ్గించే బటన్లు? మూత మూసి తెరిస్తే లేస్తుందా? ప్రింటర్‌తో ఒక పేజీ తీయండి. పెన్‌డ్రైవ్ మీద కాబట్టి నిదానంగా ఉంటుంది, అది చూసి తీర్పు చెప్పొద్దు, డిస్క్‌లో ఎక్కాక వేగం వేరు.

వైఫై కనిపించకపోతే బెదిరిపోకండి. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌లలో కొన్ని ఇలా చేస్తాయి. ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే సరిపడే డ్రైవర్ ఉంటే చూపిస్తుంది. అప్పటికీ కాకపోతే లినక్స్‌లో పనిచేసే చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొనుక్కోవాలి.

అడుగు 6: ఇన్‌స్టాల్

డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అనే బొమ్మను రెండుసార్లు నొక్కండి. భాష దగ్గర తెలుగు కూడా ఉంటుంది, కానీ మొదటిసారి ఇంగ్లీషే పెట్టుకోండి, ఎందుకంటే ఏదైనా ఇబ్బంది వచ్చి వెతికినప్పుడు జవాబుల్లో మెనూ పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మల్టీమీడియా కోడెక్‌లు అనే చోట టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు నడవవు. అక్కడ సెక్యూర్ బూట్ పాస్‌వర్డ్ అడిగితే చిన్నది ఒకటి పెట్టి రాసుకోండి, రీస్టార్ట్ అయ్యాక వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ ఎంచుకుని అదే ఇవ్వాలి.

ఆ తర్వాత వచ్చే తెర దగ్గర చెయ్యి ఆపండి. విండోస్ పక్కన వేసుకోవాలంటే “అలాంగ్‌సైడ్” అని ఉన్నది, పూర్తిగా తీసెయ్యాలంటే “ఎరేజ్ డిస్క్” అని ఉన్నది. ఎరేజ్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే కాదు, డీ, ఈ అన్నీ పోతాయి. “డీ డ్రైవ్‌లో ఫొటోలున్నయి కదా, అవి ఉంటయి అనుకున్న” అని బాధపడ్డవాళ్లను చూశాను, ఆ బాధ మీకొద్దు. అలాంగ్‌సైడ్ అనేది అసలు కనిపించకపోయినా, డిస్క్ పరిమాణం తేడాగా ఉన్నా ముందుకు పోకండి. బిట్‌లాకర్ ఇంకా ఆన్‌లో ఉండొచ్చు, లేదా బయోస్‌లో డిస్క్ ఆర్ఎస్‌టీ అనే ఇంటెల్ పద్ధతిలో ఉండొచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మారిస్తే మింట్‌కు డిస్క్ కనిపిస్తుంది, కానీ సిద్ధం చేయకుండా మారిస్తే విండోస్ లేవదు, కాబట్టి విండోస్ ఉంచుకునేవాళ్లు తెలిసినవాళ్లతో చేయించండి.

టైమ్ జోన్ కోల్‌కతా పెట్టండి. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసుకోండి. హోమ్ ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ చేయమనే టిక్‌ను కొత్తవాళ్లు వదిలెయ్యండి, పాస్‌వర్డ్ మర్చిపోతే ఫైళ్లు చేతికి రావు. చివర్లో పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమంటుంది.

అడుగు 7: మొదటి రోజు పనులు

తెరుచుకునే వెల్‌కమ్ కిటికీలో మొదట సిస్టమ్ నకలు దాచే టైమ్‌షిఫ్ట్ పెట్టండి, తర్వాత అప్‌డేట్ మేనేజర్ నడపండి, ఆపై డ్రైవర్ మేనేజర్. ఈ వరుస ఎందుకంటే అప్‌డేట్ ఏదైనా చెడగొడితే టైమ్‌షిఫ్ట్‌తో నిన్నటి స్థితికి వెళ్లొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, టైమ్‌షిఫ్ట్ దాచేది సిస్టమ్‌ను, మీ ఫొటోలను కాదు. వాటి బ్యాకప్ మీరే తీసుకోవాలి.

తెలుగు టైపింగ్: ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్స్ దగ్గర తెలుగు చేరిస్తే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లు మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్ ఎం17ఎన్ వేసి, ఒకసారి లాగౌట్ అయి వచ్చి, తెలుగు ఆర్‌టీఎస్ గానీ ఐట్రాన్స్ గానీ చేర్చుకోవాలి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు డౌన్‌లోడ్ చేసి తెరిస్తే ఇన్‌స్టాల్ బటన్ కనిపిస్తుంది. గౌతమి, నిర్మల మైక్రోసాఫ్ట్‌వి కాబట్టి ఇక్కడ ఉండవు, వాటితో చేసిన పాత ఫైళ్లలో తెలుగు చదవొస్తుంది గానీ పేజీల లెక్క కొంచెం అటు ఇటు అవుతుంది.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు మింట్‌తోనే వచ్చే లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటాయి. ఆఫీసుకు, కాలేజీకి పంపేవి డాక్స్‌గా లేదా పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపండి.

సాఫ్ట్‌వేర్ కావాలంటే గూగుల్‌లో వెతికి ఎగ్జీ ఫైలు తెచ్చుకోవద్దు, అది ఇక్కడ నడవదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి పేరు కొట్టండి. వాట్సాప్ వెబ్‌ను విడిగా కిటికీలా పెట్టుకోవాలంటే వెబ్ యాప్స్ అనే సాధనం మింట్‌లోనే ఉంది.

సరిగ్గా అయిందా లేదా ఇలా చూసుకోండి

మూడుసార్లు పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేయండి, మూడుసార్లూ ఇబ్బంది లేకుండా తెరుచుకోవాలి. రెండు సిస్టమ్‌లు ఉంటే మొదట వచ్చే మెనూలోంచి విండోస్‌లోకి కూడా వెళ్లి రండి. నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతుంటే బయోస్‌లో బూట్ వరుసలో ఉబుంటు అని ఉన్నదాన్ని పైకి తేవాలి, మింట్ ఆ పేరుతోనే కనిపిస్తుంది. విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తే వైరస్ కాదు. లినక్స్ లోపలి గడియారాన్ని అంతర్జాతీయ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో సింక్ నొక్కితే అప్పటికి సరిపోతుంది. శాశ్వతంగా పోవాలంటే మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో గడియారాన్ని లోకల్‌కు మార్చాలి.

తర్వాత బ్యాకప్ డిస్క్ పెట్టి ఫైళ్లు వెనక్కి తెచ్చుకోండి, తెచ్చాక కూడా ఆ డిస్క్‌ను రెండు నెలలు చెరపకండి. మొదట రాసుకున్న పనుల కాగితం తీసి ఒక్కొక్కటీ చేసి చూడండి, కానిది ఏదైనా తేలితే అది మొదటి వారంలోనే తేలాలి, ఫీజు కట్టే ఆఖరి రోజు రాత్రి కాదు.

నచ్చకపోతే వెనక్కి

దారి ఉంది. అసలు విండోస్ 10 డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది, కాబట్టి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్‌ను తెచ్చుకుని అదే పెన్‌డ్రైవ్‌తో, పాత ఎడిషనే, హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో వేస్తే, నెట్ తగలగానే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. మార్చేముందు విండోస్ సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఏ ఎడిషనో అందులో ఉంటుంది. ఎవరో షాపులో వేసిచ్చిన క్రాక్ విండోస్ అయితే మాత్రం ఈ దారి మీకు లేదు.